కేంబ్రిడ్జి: చర్చిలు, కళాశాలలు, తలుపులు

భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథం తెరిచిన విద్యార్థికి కేంబ్రిడ్జి అనే పేరు తరచుగా తారసపడుతుంది. చలన నియమాలు చెప్పిన న్యూటన్, విద్యుత్తును అయస్కాంతత్వాన్ని ఒకే సిద్ధాంతంలో ఇమిడ్చిన మాక్స్‌వెల్, ఎలక్ట్రానును కనుగొన్న జె. జె. థామ్సన్, న్యూట్రానును కనుగొన్న చాడ్విక్ - వీరందరు ఆ ఊరిలో చదివినవారో, బోధించినవారో, పరిశోధనలు చేసినవారో. శ్రీనివాస రామానుజన్ 1914లో మద్రాసులో ఓడ యెక్కి చేరినది కూడ అక్కడికే. ఇంతటి పేరున్న ఊరు మహానగరమై ఉంటుందని ఎవరైనా అనుకొంటారు. కాని పాత ఊరిని ఈ చివర నుండి ఆ చివరకు అరగంటలో నడిచి దాటవచ్చును.

లండనుకు ఉత్తరంగా సుమారు 50 మైళ్ల దూరంలో, చదునైన నేల మీద, ఒక చిన్న నది ఒడ్డున కేంబ్రిడ్జి ఉన్నది. గోదావరిని, కృష్ణను చూచిన కన్నుకు అది నదిగా కాక పంటకాలువగా కనిపిస్తుంది. పూర్వం ఆ నది పేరు గ్రాంటా. దాని మీద వంతెన ఉన్నందువలన ఊరికి గ్రాంటా వంతెన అనే అర్థం గల పేరు వచ్చినది. శతాబ్దాలు గడిచేకొద్దీ ఉచ్చారణ మారి ఊరు కేంబ్రిడ్జి అయినది. బ్రిడ్జి అంటే వంతెన గనుక దానికి ముందున్నది నది పేరే అయి ఉండాలని జనం తలచి, నదిని కామ్ అని పిలువసాగినారు. లోకంలో నది పేరు ఊరికి రావడం పరిపాటి. ఇక్కడ ఊరి పేరు నదికి వచ్చినది. మరొక విశేషం కూడ ఉన్నది. ఎనిమిది వందల యేండ్ల నాటి విశ్వవిద్యాలయం ఉన్నప్పటికీ, ఈ ఊరికి నగరమనే హోదా 1951లో గాని రాలేదు. ఇక్కడ బిషప్ పీఠమూ లేదు. అది ఉత్తరాన ఉన్న ఈలీ పట్టణంలో ఉన్నది.

కేంబ్రిడ్జి కట్టడాలను కాలక్రమంలో చూస్తే మొదట చర్చిలు, తరువాత కళాశాలలు, చివరకు ప్రయోగశాలలు వస్తవి. వాటి అందాన్ని గురించి యాత్రికులు ఎంతో వ్రాసినారు. కాని చరిత్ర తెలియగోరేవారు గోడలతో పాటు తలుపులను కూడ చూడవలసి ఉంటుంది. ఏ కాలంలో ఆ తలుపులు ఎవరికి తెరుచుకొన్నవి, ఎవరికి మూసుకొన్నవి అనేదే ఈ ఊరి అసలు కథ.

ఊరి నడుమ, ఒక ఇరుకు వీధిలో సెయింట్ బెనెట్ చర్చి ఉన్నది. దాని గోపురం క్రీ. శ. 11వ శతాబ్ది ఆరంభం నాటిది. నార్మన్లు 1066లో ఇంగ్లండును జయించక పూర్వమే సాక్సన్ మేస్త్రీలు దానిని కట్టినారు. ఆ జిల్లాలో దాని కంటె పాత కట్టడం నిలిచిలేదు. గోపురం మూలలలో నిలువురాయి ఒకటి, అడ్డురాయి ఒకటి వరుసగా పేర్చి ఉన్నవి; సాక్సన్ పనికి అది గుర్తు. విశ్వవిద్యాలయం పుట్టడానికి రెండు వందల యేండ్లకు ముందే ఈ గోపురం ఉన్నది.

ఆ గోపురంలో ఆరు గంటలు ఉన్నవి. వాటిని ఏ రాగంలోనూ మోగించరు. ఆరు గంటలను ఒక క్రమంలో ఒకసారి మోగించి, మరుసటిసారి ఆ క్రమం మారుస్తారు. ఒకసారి మోగిన క్రమం మళ్లీ రాకూడదు. ఒక్కొక్క మార్పులో ఏ గంటా తన స్థానం నుండి ఒక్క స్థానానికి మించి జరగరాదు. ఎందుకంటే బరువైన గంట ఊగే కాలాన్ని తాడు లాగేవాడు కొద్దిగా మాత్రమే పెంచగలడు, తగ్గించగలడు. ఆరు గంటలకు వీలయిన క్రమాలు 720 అని గణితం చదివే విద్యార్థి వెంటనే చెప్పగలడు. ఏడవ గంట చేరితే అవి 5040 అవుతవి. ఈ విద్యను శాస్త్రంగా మలచి 1677లో గ్రంథం వెలువరించిన ఫేబియన్ స్టెడ్‌మన్‌కు ఈ చర్చితో సంబంధం ఉండేదని సంప్రదాయం. ప్రస్తారాల గణితం పాఠ్యపుస్తకాలలోకి రాకముందే గంటల గదులలో సాధన అయినదన్నమాట.

కొద్ది దూరంలో మరొక పాత చర్చి ఉన్నది. దానిని గుండ్రని చర్చి అంటారు. క్రీ. శ. 1130 ప్రాంతంలో, జెరూసలేములోని పవిత్ర సమాధి చర్చిని మనస్సులో ఉంచుకొని వలయాకారంలో కట్టినారు. అటువంటి మధ్యయుగపు గుండ్రని చర్చిలు ఇంగ్లండులో నిలిచి వాడుకలో ఉన్నవి నాలుగే. కేంబ్రిడ్జి చర్చిని 1841లో బాగుచేసినప్పుడు చాలా భాగం మార్చివేసినారు. అందుచేత ఇప్పుడు కనిపించేదంతా పన్నెండవ శతాబ్ది పనితనమని అనుకోరాదు.

ఇక విశ్వవిద్యాలయం ఎలా వచ్చినది? అది ఒక కలహం వలన వచ్చినది. 1209లో ఆక్స్‌ఫర్డులో ఒక స్త్రీ హత్య జరిగినది. నేరం ఒక విద్యార్థి మీద పడినది, అతడు పారిపోయినాడు. ఊరివారు అతనితో కలిసి ఉన్న విద్యార్థులను పట్టుకొని ఉరితీసినారు. భయపడిన పండితులు, విద్యార్థులు ఆక్స్‌ఫర్డు విడిచి చెల్లాచెదురైనారు. వారిలో కొందరు కేంబ్రిడ్జి చేరి పాఠాలు మొదలుపెట్టినారు. ఒక ఊరి తలుపు మూసుకొన్నందువలన మరొక ఊరిలో విద్య నిలిచినది.

అలా వచ్చినవారికి భవనాలు లేవు, పొలాలు లేవు. అద్దె యిండ్లలో కాపురం, అద్దె గదులలో పాఠం. అందరు కూడవలసినప్పుడు సెయింట్ మేరీ చర్చిలో కూడేవారు. సభలు, వాదప్రతివాదాలు, పట్టాల ప్రదానం అన్నీ ఆ చర్చిలోనే. 1730లో సెనేటు భవనం పూర్తి అయ్యేవరకు ఈ పద్ధతి సాగినది. ఇప్పుడు మహా సెయింట్ మేరీ అని పిలిచే ఆ చర్చిని 1478లో తిరిగి కట్టనారంభించినారు. గోపురం పూర్తి అయ్యేసరికి 1608 వచ్చినది. ఊరికి అది కొలబద్ద కూడ. 1725 నుండి లండను దారి మీద మైలురాళ్లు పాతినప్పుడు ఈ చర్చి గోడ నుండి దూరం లెక్కించినారు. రోమనుల తరువాత బ్రిటనులో నాటిన మొదటి నిజమైన మైలురాళ్లు అవేనంటారు. ఇంకా పట్టా పొందని విద్యార్థి నివాసం ఈ చర్చికి మూడు మైళ్ల లోపల ఉండాలనే నియమం ఇప్పటికీ ఉన్నది. 1793లో దీని గడియారానికి కూర్చిన పావుగంటల నాదమే 1859లో లండనులోని వెస్ట్‌మినిస్టర్ గడియారానికి వెళ్లినది. అక్కడి నుండి లోకంలోని అనేక గడియారాలకు పాకినది. మన ఊళ్లలో గోడగడియారం పావుగంటకొకసారి పలికే నాలుగు స్వరాల పుట్టిల్లు కేంబ్రిడ్జి అని తెలిసినవారు తక్కువ.

కళాశాల అనే మాటకు మన దేశంలో ఉన్న అర్థం వేరు, అక్కడి అర్థం వేరు. పరీక్షలు పెట్టడం, పట్టాలు ఇవ్వడం విశ్వవిద్యాలయం పని. కళాశాల అంటే విద్యార్థులు, ఫెలోలు కలిసి నివసించే స్వతంత్ర సంస్థ. దానికి సొంత ఆస్తి, సొంత నియమాలు, సొంత భోజనశాల, సొంత ప్రార్థనాలయం ఉంటవి. నడుమ ఖాళీ ప్రాంగణం, చుట్టు నాలుగు వైపుల గదులు, ఒకే సింహద్వారం: మండువా లోగిలి చూచినవారికి ఆ రూపం చప్పున మనస్సుకు వస్తుంది. ఇప్పుడు అటువంటి కళాశాలలు 31 ఉన్నవి. వాటిలో మొదటిది పీటర్‌హౌస్. 1284లో ఈలీ బిషప్ హ్యూ ఆఫ్ బాల్షమ్ దానిని స్థాపించినాడు. ప్రక్కనున్న సెయింట్ పీటర్ చర్చిని కళాశాలవారు ప్రార్థనకు వాడుకొన్నందువలన దానికా పేరు వచ్చినది. ఆ చర్చిని తరువాత తిరిగి కట్టి చిన్న సెయింట్ మేరీ అన్నారు.

1352లో వచ్చిన కార్పస్ క్రిస్టి కళాశాల పుట్టుక వింత అయినది. ఇతర కళాశాలలను రాజులు, రాణులు, బిషప్పులు, ధనవంతులు స్థాపించగా దీనిని ఊరిలోని రెండు పౌరసంఘాలు స్థాపించినవి. కేంబ్రిడ్జిలో ఊరివారే కట్టిన కళాశాల ఇదొక్కటే. దీనికి కూడ మొదట ప్రార్థనాలయం లేక, ప్రక్కనే ఉన్న సెయింట్ బెనెట్ చర్చిని వాడుకొన్నారు. ఊరివారు కట్టినది గనుక ఊరితో స్నేహంగా ఉండవలసినది. కాని ముప్పది యేండ్లు తిరగకముందే ఊరివారే దానిమీద పడినారు. ఇండ్ల మీద కళాశాల వసూలు చేసే అద్దెలు ప్రజలకు భారమైనవి. 1381లో ఇంగ్లండు అంతటా రైతుల తిరుగుబాటు చెలరేగినప్పుడు కేంబ్రిడ్జి జనం కార్పస్ కళాశాలను దోచుకొన్నారు; విశ్వవిద్యాలయపు శాసనాలు, దస్తావేజులు తెచ్చి సంత వీధిలో కాల్చినారు. మార్జరీ స్టార్ అనే వృద్ధురాలు ఆ బూడిదను గాలిలో చల్లుతూ, ఈ పండితుల విద్య పోవాలని కేకలు వేసినదట. విద్య అంటే ఆమెకు కలిగిన కోపం అజ్ఞానం వలన అని తీసివేయడం సులభం. కాని ఆమెకు తెలిసిన విద్య అద్దె వసూలు చేసే విద్య; ఆమెకు గాని ఆమె బిడ్డలకు గాని ఆ సింహద్వారంలోపల చోటు లేదు.

తిరుగుబాటు అణగినది. శిక్షగా రాజు ఊరి అధికారాలను తీసి విశ్వవిద్యాలయానికి ఇచ్చినాడు. రొట్టె, బీరు ధరల తనిఖీ, తూనికలు కొలతల అజమాయిషీ పండితుల చేతికి వచ్చినవి. ఇటువంటి అధికారాలు 19వ శతాబ్ది మధ్యవరకు సాగినవి. ఊరి అంగడిలో తక్కెడ సరిగా ఉన్నదో లేదో విశ్వవిద్యాలయం చూడడం మనకు విడ్డూరంగా తోచవచ్చును. అక్కడి వర్తకులకు అది అయిదు వందల యేండ్ల గాయం.

ఊరు కోల్పోయినది అధికారమే కాదు, నేల కూడ. ఆరవ హెన్రీ రాజు 1441లో కింగ్స్ కళాశాలను స్థాపించి, దానికి తగిన స్థలం కావాలని నది ఒడ్డున ఊరి నడిబొడ్డును ఖాళీ చేయించినాడు. ఒక ముఖ్యమైన వీధి మూతపడినది. సెయింట్ జాన్ జాకరీ అనే చర్చి పోయినది. ఇండ్లు, పడవల రేవులు పోయినవి. ఈనాడు యాత్రికులు మెచ్చుకొనే పచ్చని పచ్చిక కింద ఒక పేట ఉన్నది. ఆ స్థలంలో 1446 జూలై 25న రాజు ప్రార్థనాలయానికి శంకుస్థాపన చేసినాడు.

కింగ్స్ కళాశాల ప్రార్థనాలయం కేంబ్రిడ్జి కట్టడాలలో తలమానికం. పొడవు 289 అడుగులు, లోపలి వెడల్పు 40 అడుగులు, ఎత్తు 80 అడుగులు. కడుతూండగానే గులాబి యుద్ధాలు వచ్చి, 1461లో హెన్రీ సింహాసనం పోగా పని నిలిచిపోయినది. మొదట వాడిన రాయి యార్క్‌షైరు నుండి తెచ్చిన తెల్లని సున్నపురాయి. తరువాతి రాజుల కాలంలో వేరొక గని రాయి వాడినారు. గోడ మీద ఆ రంగు మారిన గీత నేటికీ స్పష్టంగా కనిపిస్తుంది. ఎక్కడ డబ్బు ఆగినదో, ఎక్కడ రాజ్యం మారినదో చెప్పడానికి చరిత్ర గ్రంథం అక్కరలేదు, గోడ చాలును.

పైకప్పు 1512 - 1515 సంవత్సరాల నడుమ జాన్ వాస్టెల్ అనే మేస్త్రి చేతిమీద సాగినది. ఇది విసనకర్ర కప్పు. ప్రతి స్తంభం తల నుండి రాతి పక్కటెముకలు విసనకర్ర విప్పినట్లు నాలుగు వైపులకు వంగి పోతవి. ఎదుటి స్తంభం నుండి వచ్చిన విసనకర్ర నడుమ కలుసుకొంటుంది. ఈ రకపు కప్పులలో ప్రపంచంలో ఇదే పెద్దది. ఇందులోని శాస్త్రం విద్యార్థులు గమనించదగినది. రాయిని నొక్కితే ఎంతో భారం ఓర్చుకొంటుంది. లాగితే తేలికగా పగులుతుంది. కాబట్టి రాతి కప్పులో ఎక్కడా లాగుడు రాకుండ, అంతటా నొక్కుడే ఉండేటట్లు ఆకారం కుదరాలి. గొలుసును రెండు కొసల పట్టుకొని వేలాడదీస్తే అందులో లాగుడు తప్ప మరొకటి ఉండదు. ఆ వంపునే తలక్రిందులు చేస్తే నొక్కుడు మాత్రమే ఉండే కమాను వస్తుంది. ఈ సూత్రాన్ని రాబర్ట్ హుక్ 17వ శతాబ్దిలో చెప్పినాడు. వాస్టెల్‌కు ఆ సూత్రం తెలియదు. తరతరాల మేస్త్రీల అనుభవం తెలుసు. కప్పు మందం కొన్ని అంగుళాలే. కాని అది గోడలను బయటికి త్రోస్తూ ఉంటుంది. ఆ త్రోపును ఆపడానికి బయటివైపు వరుసగా బరువైన ఊతగోడలు కట్టినారు. వాటి మధ్య గోడ మోయవలసిన భారం లేదు గనుక ఆ చోటంతా పెద్ద గాజు కిటికీలకు దొరికినది. రెండవ ప్రపంచయుద్ధంలో బాంబుల భయం వలన ఆ రంగుటద్దాలలో చాలా భాగం విప్పి దాచి, తరువాత తిరిగి అమర్చినారు.

భారత గణాంకశాస్త్ర సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1913లో చూడవచ్చి, ఈ ప్రార్థనాలయం అందానికి మురిసి, రైలు తప్పిపోయి, ఆ రాత్రి మిత్రునితో మాటలలో కింగ్స్ కళాశాలలో చేరాలని నిశ్చయించుకొన్నాడని చెప్పుకొంటారు. కాని అంతకు అర్ధ శతాబ్దం ముందు ఇంగ్లీషువారికి కూడ ఆ అవకాశం లేదు. స్థాపకుని నియమం ప్రకారం ఈటన్ పాఠశాలలో చదివినవారే అక్కడ చేరాలి. ఇతర పాఠశాలల విద్యార్థులు ప్రవేశించినది 1865లోనే.

పదహారవ శతాబ్ది మతకలహాలు ఈ ఊరిని కూడ వదలలేదు. జర్మను దేశపు సంస్కర్త మార్టిన్ బ్యూసర్ ఇక్కడ ఆచార్యుడై 1551లో మరణించగా మహా సెయింట్ మేరీ చర్చిలో ఘనంగా పాతిపెట్టినారు. కేథలిక్ రాణి మేరీ కాలంలో, 1557లో, ఆ శవాన్ని త్రవ్వి తీసి సంత వీధిలో కంబానికి కట్టి, అతని గ్రంథాలతో సహా కాల్చినారు. ఎలిజబెత్ రాణి వచ్చిన తరువాత 1560లో అతని గౌరవాన్ని లాంఛనంగా పునరుద్ధరించినారు. శవానికి శిక్ష, శవానికే క్షమాపణ. 1381లో దస్తావేజులు కాలినదీ ఆ సంత వీధిలోనే.

అదే సంత వీధిలో ఊరు, విశ్వవిద్యాలయం కలిసి చేసిన మంచిపని గుర్తు ఒకటి ఉండేది. ఊరి చుట్టూ ఉన్న పాత అగడ్త మురికితో నిండి రోగాలకు నిలయమైనది. దక్షిణాన మూడు మైళ్ల దూరంలో సుద్దరాతి గుట్టల కింద ఊటలు ఉన్నవి. వాన నీరు సుద్దలో ఇంకి, వడకట్టుకొని, కింద నీరు దిగనివ్వని పొర తగిలినచోట ప్రక్కకు తిరిగి పైకి ఉబుకుతుంది. ఆ నీటిని 1610లో కాలువ త్రవ్వి తెచ్చినారు. 1614లో సంతలో రాతి జలాశయం కట్టినారు. ఖర్చులో, నిర్వహణలో రెండు పక్షాలూ పాలుపంచుకొన్నవి. దాని పోషణకు ఆస్తి వ్రాసియిచ్చిన గుర్రాల వ్యాపారి థామస్ హాబ్సన్ పేరు కాలువకు నిలిచినది. అద్దెకు గుర్రం అడిగినవారికి తలుపు దగ్గరగా ఉన్న గుర్రాన్నే ఇచ్చి, అక్కరలేకపోతే వెళ్లిపొమ్మనేవాడట. దాని వలన ఇంగ్లీషులో హాబ్సన్ ఎంపిక అనే పలుకుబడి వచ్చినది. జలాశయాన్ని 1856లో అక్కడి నుండి కాలువ మొదటికి తరలించినారు.

న్యూటన్ 1661లో ట్రినిటీ కళాశాలలో చేరినాడు. 1546లో ఎనిమిదవ హెన్రీ స్థాపించిన ఈ కళాశాల ప్రాంగణం చాలా విశాలం. సింహద్వారానికి, ప్రార్థనాలయానికి నడుమ ఉన్న గదులలో న్యూటన్ కాపురం. దానికి వెనుకనున్న నెవిల్ ప్రాంగణపు ఉత్తర వసారాలో ఆయన ధ్వని వేగాన్ని కొలిచినాడు. సాధనాలు లేవు, పొడవైన వసారా, ఒక లోలకం. ఒక కొసన శబ్దం చేస్తే ఎదుటి గోడ తాకి ప్రతిధ్వని వస్తుంది. ప్రతిధ్వని వచ్చే వ్యవధికి సరిగా ఊగేటట్లు లోలకం పొడవును సవరించి, ఆ పొడవు నుండి కాలాన్ని లెక్కకట్టినాడు. సిద్ధాంతం ద్వారా ఆయన రాబట్టిన వేగం సెకనుకు 979 అడుగులు. అసలు విలువ కంటె తక్కువ. ధ్వని తరంగంలో గాలి నొక్కుకొన్నప్పుడు వేడెక్కుతుందనే విషయాన్ని 19వ శతాబ్దిలో లాప్లాస్ చేర్చిన తరువాత లెక్క సరిపోయినది. పొడవైన వరండా ఉన్న ఏ పాఠశాలలోనైనా ఉపాధ్యాయులు ఈ ప్రయోగం చేయించవచ్చును.

ఇదే న్యూటన్‌ను గురించి మరొక కట్టుకథ ఉన్నది. క్వీన్స్ కళాశాల వద్ద నది మీద ఉన్న కొయ్య వంతెనను ఆయన మేకులు లేకుండ కట్టినాడని, తరువాత విప్పినవారు తిరిగి కూర్చలేకపోయినారని యాత్రికులకు చెబుతారు. న్యూటన్ మరణించినది 1727లో. వంతెన కట్టినది 1749లో. రూపకర్త విలియం ఎథరిడ్జి, కట్టినవాడు జేమ్స్ ఎసెక్స్. వంపుగా కనిపించే ఆ వంతెనలో ముఖ్యమైన దూలాలన్నీ తిన్ననివే. వృత్తఖండానికి స్పర్శరేఖలుగా అమర్చినారు. 1866లోను, 1905లోను పాత నమూనాలోనే తిరిగి కట్టినారు.

కట్టుకథ అటుంచి, న్యూటన్ జీవితంలోని అసలు చిక్కు చాలామందికి తెలియదు. ట్రినిటీ అంటే త్రిత్వం: తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకటే అనే క్రైస్తవ సిద్ధాంతం. ఆ పేరుగల కళాశాలలో ఫెలోగా ఉన్న న్యూటన్‌కు గ్రంథాలు చదివేకొద్దీ ఆ సిద్ధాంతంలోనే నమ్మకం పోయినది. ఫెలోలు నియమిత కాలంలో మతగురువుగా దీక్ష పుచ్చుకోవాలి. లేకుంటే పదవి పోతుంది. పుచ్చుకొంటే అబద్ధం ప్రమాణం చేసినట్లు. 1675లో, ల్యుకేషియన్ గణితాచార్య పదవిలో ఉన్నవారు దీక్ష పొందనక్కరలేదని రాజు మినహాయింపు ఇచ్చినాడు. న్యూటన్ తన అభిప్రాయాలను బ్రతికినంతకాలం దాచుకొన్నాడు. ఆయన తరువాత ఆ పదవి పొందిన విలియం విస్టన్ అటువంటి అభిప్రాయాలనే బాహాటంగా ప్రకటించినాడు. 1710లో విశ్వవిద్యాలయం అతనిని వెళ్లగొట్టినది. ఆకాశంలోని గ్రహాలను కట్టే నియమం చెప్పినవాడు తన గదిలో భయంతో మౌనం పాటించవలసివచ్చినది.

మతప్రమాణం తలుపు చాలాకాలం మూసియే ఉన్నది. మధురలో 1806లో పుట్టిన అగస్టస్ డి మోర్గాన్, గణములను చదివే ప్రతి విద్యార్థికి తెలిసిన పేరు. గణిత పరీక్షలో 1827లో నాలుగవ స్థానం పొందినా మతప్రమాణానికి ఒప్పుకోనందువలన ఫెలో కాలేకపోయినాడు. యూదుడైన జె. జె. సిల్వెస్టర్ 1837లో రెండవ స్థానం పొందినా పట్టా కూడ ఇవ్వలేదు. 1871లో పార్లమెంటు చట్టం చేసి ఈ ప్రమాణాలను తొలగించినది. మరుసటి యేడు, ముప్పదియైదు సంవత్సరాల తరువాత, సిల్వెస్టర్‌కు పట్టా ముట్టినది. ఆ చట్టం తరువాతనే ఇతర మతాలవారికి దారి సుగమమైనది. జగదీశ్‌చంద్ర బోస్ క్రైస్ట్స్ కళాశాలలో చదివినాడు. సెయింట్ జాన్స్ కళాశాలలో చదివిన కట్టమంచి రామలింగారెడ్డి 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షుడైనాడు. రామానుజన్ 1918లో ట్రినిటీ ఫెలో అయినాడు.

మతం తలుపు తెరుచుకొన్నా స్త్రీల తలుపు తెరుచుకోలేదు. 1869లో హిచిన్ అనే ఊరిలో మొదలై, 1873లో కేంబ్రిడ్జికి దగ్గరగా తరలిన గిర్టన్, 1871లో వచ్చిన న్యూన్‌హమ్ స్త్రీల కళాశాలలు. 1881 నుండి వారిని పరీక్షలకు అధికారికంగా అనుమతించినారు. పట్టా మాత్రం లేదు. 1890లో న్యూన్‌హమ్ విద్యార్థిని ఫిలిప్పా ఫాసెట్ గణిత పరీక్షలో పురుషులలో మొదటివానికి పైన నిలిచినది. సెనేటు భవనంలో ఆ ఫలితం చదివినప్పుడు హర్షధ్వానాలు మిన్నుముట్టినవి. అయినా పట్టా లేదు.

ఇక్కడ ఒక కాకతాళీయం గమనింపదగినది. సెయింట్ బెనెట్ చర్చికి కొద్ది అడుగుల దూరంలో, ఫ్రీ స్కూల్ లేన్ అనే సందులో కేవెండిష్ ప్రయోగశాల 1874లో ఆరంభమైనది. దాని మూడవ ఆచార్యుడైన జె. జె. థామ్సన్ 1897 ఏప్రిల్ 30న, పరమాణువు కంటె ఎంతో చిన్నదైన కణం ఉన్నదని లండనులో ప్రకటించినాడు. అదే ఎలక్ట్రాను. మూడు వారాల తరువాత, మే 21న, స్త్రీలకు పట్టాలు ఇవ్వాలా అనే విషయం మీద సెనేటు భవనంలో ఓట్లు జరిగినవి. పాత పట్టభద్రులు ప్రత్యేక రైళ్లలో దిగినారు. ఎదుటి పుస్తకాల దుకాణం పైన సైకిలెక్కిన స్త్రీ బొమ్మను వ్రేలాడదీసినారు. సుమారు 1700 మంది వద్దని, 700కు లోపు కావాలని అన్నారు. ఓడిన బొమ్మను విద్యార్థులు క్రిందికి లాగి చించినారు. పరమాణువు తలుపు తెరుచుకొన్న వసంతంలోనే ఈ తలుపు గట్టిగా మూసుకొన్నది. 1921లో మళ్లీ ఓటు, మళ్లీ ఓటమి. ఆ రాత్రి కొందరు యువకులు చేతిబండితో న్యూన్‌హమ్ గేట్లను పగులగొట్టినారు. పట్టా పేరు మాత్రం ఇచ్చి, దానితో వచ్చే హక్కులు ఇవ్వకుండ రాజీ చేసినారు.

ఆ కాలంలో న్యూన్‌హమ్‌లో సిసీలియా పేన్ చదువుతున్నది. 1919లో ట్రినిటీ భోజనశాలలో ఎడింగ్టన్ సూర్యగ్రహణ పరిశీలనను గురించి చేసిన ఉపన్యాసం విని ఆమె ఖగోళశాస్త్రం వైపు తిరిగినది. స్త్రీకి ఇంగ్లండులో ఉపాధ్యాయురాలిగా తప్ప భవిష్యత్తు లేదని 1923లో అమెరికా వెళ్లినది. నక్షత్రాలలో అత్యధిక భాగం హైడ్రోజనే అని 1925లో తన పరిశోధన వ్యాసంలో చూపినది. ఆ గొప్ప ఫలితం కేంబ్రిడ్జికి దక్కలేదు. దానికి ఎవరిని నిందించాలో చెప్పనక్కరలేదు.

న్యూన్‌హమ్‌లోనే 1938 నుండి 1941 వరకు చదివిన రోజలిండ్ ఫ్రాంక్లిన్ తరువాత లండనులో డి.ఎన్.ఏ. ఎక్స్‌కిరణ చిత్రాలు తీయించినది. ఆమెకు తెలియకుండ ఒక చిత్రం వాట్సన్ కంటబడినది. 1953 ఫిబ్రవరి 28న వాట్సన్, క్రిక్ కేవెండిష్ నుండి సందు దాటి, సెయింట్ బెనెట్ చర్చికి ఎదురుగా ఉన్న ఈగిల్ అనే పానశాలకు భోజనానికి వచ్చి, జీవరహస్యం దొరికినదని చెప్పినారట. తొమ్మిది వందల యేండ్ల సాక్సన్ గోపురం ఒక వైపు, పానశాల ఒక వైపు, నడుమ ఒక చిన్న వీధి. ప్రయోగశాల 1974లో ఊరి పడమటి అంచుకు తరలిపోయినది. సందులో పాత భవనం ఉన్నది.

కేంబ్రిడ్జి స్త్రీలకు పూర్తి పట్టాలు ఇచ్చినది 1948లో. పురుషుల కళాశాలలలో మూడు 1972లో స్త్రీలను చేర్చుకొన్నవి. మిగిలినవి ఒకటొకటిగా అనుసరించినవి. చివరిది నదికి ఆవలి ఒడ్డున, పాత వంతెన ప్రక్కనున్న మాడ్లిన్ కళాశాల. అక్కడ 1988లో విద్యార్థినులు అడుగుపెట్టిననాడు కొందరు విద్యార్థులు చేతులకు నల్లపట్టీలు కట్టుకొని, కళాశాల జెండాను సగానికి దించినారు.